ముందు చెక్క, తర్వాత సానరాయి, ఆఖరున కత్తి

నేను మొదటిసారి ఇంట్లో కత్తికి సాన పట్టిన రోజు అమ్మ తిట్టింది. "ఇంత పదును పెడితే ఎవరి వేలో ఒకటి తెగుతుంది. పాతదే నయం" అంది. అన్నంత పనీ అయింది. ఆ సాయంత్రమే బీరకాయ తరుగుతూ తన బొటనవేలే కోసుకుంది.

చాలా రోజులు తప్పు నాదే అనుకున్నాను. తర్వాత ఆవిడ తరిగే తీరు గమనిస్తే సంగతి అర్థమైంది. కూరగాయ ఎడమ చేతిలో ఉంటుంది. కుడి చేతిలో కత్తిని బొటనవేలి వైపు లాగుతుంది. ముక్క తెగగానే కత్తి వచ్చి వేలి మీద ఆగుతుంది. అంటే బొటనవేలే ఆవిడకి కూరలు తరిగే చెక్క. అలా తరిగేవాళ్ళకి కత్తి మొద్దుగా ఉంటేనే క్షేమం! మన ఇళ్ళలో కత్తులు మొద్దుబారి ఉంటే బద్ధకం అనుకుంటాం గానీ, ఆ తరిగే పద్ధతికి అలాంటి కత్తే సరిపోతుంది.

ఇబ్బందల్లా గట్టి కాయ వచ్చినప్పుడే. గుమ్మడికాయకో, కందకో మొద్దు కత్తితో బలమంతా పెట్టి నొక్కుతాం. అది పట్టు తప్పి పక్కకి జారుతుంది. అలా తగిలిన గాయం పదును కత్తి గాయంలా సన్నగా ఉండదు, చీరుకుపోతుంది.

అందుకే నేను చెప్పే వరుస దుకాణం వాళ్ళకి నచ్చకపోవచ్చు. ముందు చెక్క కొనండి. దాని మీద తరగడం అలవాటయ్యాక సానరాయి కొనండి. కొత్త కత్తి సంగతి ఆ తర్వాత చూడొచ్చు. ఇంట్లో ఉన్న కత్తే బాగుపడి, కొత్తది అక్కర్లేదనిపించినా ఆశ్చర్యం లేదు.

చెక్క ఎలాంటిది?

కనీసం 35 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. పుస్తకమంత బోర్డు మీద ఒక ఉల్లిపాయ తరిగేసరికి చోటు అయిపోతుంది, ముక్కలు గట్టు మీదికి దొర్లుతాయి. విసుగొచ్చి మళ్ళీ చేతిలోకే తీసుకుంటాం.

వేప, మామిడి లాంటి చెక్క మంచిది. మటన్ కొట్టులో చింత మొద్దు చూసే ఉంటారు. రోజంతా కత్తి దెబ్బలు తిన్నా పెచ్చులు ఊడదు. ఇంటికి అంత మొద్దు అక్కర్లేదు, రెండు సెంటీమీటర్ల మందం చాలు. ప్లాస్టిక్ బోర్డు కూడా పనికొస్తుంది, ముఖ్యంగా పచ్చి చికెన్‌కీ చేపకీ. వాటికి వేరే బోర్డు పెట్టుకుని, అదే బోర్డు మీద దోసకాయ సలాడ్‌కి తరగకండి.

గాజు బోర్డు, స్టీలు పళ్ళెం, గ్రానైట్ గట్టు మాత్రం వద్దు. అవి కత్తి అంచుకి ఏమాత్రం లొంగవు. ఒక్క పూట వంటకే అంచు మడత పడిపోతుంది. బోర్డు జారకుండా కింద తడి గుడ్డ పరచండి. ఈ చిన్న పని చాలామంది చెయ్యరు గానీ, కత్తి వాడకంలో సగం భద్రత ఇక్కడే ఉంది.

పట్టుకోవడం, తరగడం

కత్తిపీట మీద కత్తి కదలదు, కాయే కదులుతుంది. చెక్క మీద కాయ కదలకూడదు, కత్తి కదలాలి. కత్తిపీట మీద చెయ్యి తిరిగినవాళ్ళకి మొదటి వారం ఇదంతా తలకిందులుగా ఉంటుంది. మెల్లగా తరగండి, వేగం దానంతటదే వస్తుంది. టీవీలో వంటవాళ్ళని చూసి టకటకా కొట్టబోతే చెయ్యి తెగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

కుడి చెయ్యి: పిడి చివర పట్టుకోకండి. ముగ్గు వేసేటప్పుడు పిండి పట్టుకునే ఆ రెండు వేళ్ళతో, పిడికి ఆనుకుని ఉన్న చోట కత్తి రేకును రెండు పక్కలా పట్టుకోండి. మిగతా మూడు వేళ్ళు పిడి చుట్టూ ఉంటాయి. చూపుడు వేలు కత్తి వెన్ను మీద చాచి పెట్టడం చాలామందికి అలవాటు. అలా పెడితే కత్తి పక్కలకి ఊగుతుంది.

ఎడమ చెయ్యి: పైనుంచి లడ్డూ పట్టుకున్నట్టు వేళ్ళు వంచి కాయ మీద ఆనించండి. గోళ్ళు లోపలికి, బొటనవేలు అన్నిటికన్నా వెనక. మధ్యవేలి కణుపు కత్తి రేకుకి ఆనుకుని ఉంటుంది. కత్తిని ఆ కణుపు కన్నా పైకి ఎత్తనంత వరకు వేలు తెగే ప్రమాదం ఉండదు.

ఇక కోత. నిలువుగా అదిమితే కాయ నలుగుతుంది, ముందుకు తోస్తూ దించితే తెగుతుంది. పండిన టమాటా మీద చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

గుండ్రంగా దొర్లే కాయకి ముందు ఒక పక్క పలచటి ముక్క తీసేసి, ఆ చదును వైపు చెక్క మీద ఆనించండి. బంగాళాదుంప, సొరకాయ, బీట్‌రూట్ అన్నిటికీ ఇదే.

ఉల్లిపాయకి: వేర్లున్న కొన మీదుగా నిలువుగా రెండు సగాలు చేసి పొట్టు తీయండి. ఆ వేర్ల కొన కోసెయ్యకండి, పొరలన్నిటినీ కలిపి ఉంచేది అదే. ఒక్కో సగాన్ని బోర్లించి కొన దాకా వెళ్ళకుండా నిలువు గాట్లు పెట్టి, తర్వాత అడ్డంగా తరిగితే సన్న ముక్కలు వాటంతటవే రాలతాయి. పదును కత్తితో కళ్ళు తక్కువ మండుతాయి. ఉల్లిపాయ కణాలు చితికినప్పుడే కళ్ళు మండించే వాయువు పుడుతుంది, మొద్దు కత్తి కోసే దానికన్నా చితక్కొట్టేదే ఎక్కువ.

బెండకాయలు కడిగి, తుడిచి, ఆరాక తరగండి. తడి తగిలితే జిగురు. పనసకాయకి, అరటికాయకి చేతులకీ కత్తికీ నూనె రాసుకోవాలి, లేదంటే ఆ బంక వదలదు. కందకి కూడా చేతులకి నూనె తప్పదు, దురద. గుమ్మడికాయలో కత్తి ఇరుక్కుంటే అలాగే ఎత్తి గట్టుకేసి కొట్టే అలవాటు చాలామందికి ఉంది. కత్తి విరిగేది అప్పుడే. కత్తిని అటూ ఇటూ తిప్పకుండా వెనక్కి లాగి, ఇంకో వైపు నుంచి గాటు పెట్టండి.

ఆవకాయకి టెంకతో ముక్కలు కొట్టే పని వంటింటి కత్తికి పెట్టకండి. చెక్కకి బిగించిన ఆ పెద్ద కత్తులు దానికోసమే ఉన్నాయి. వేసవిలో మార్కెట్లో కాయలు కొన్న చోటే కొట్టించుకుంటే తీరిపోతుంది. పనసపొట్టు కొట్టడానికీ బరువైన కత్తి, నేర్పున్న చెయ్యి కావాలి. ఎముకలున్న మాంసం కొట్టు దగ్గరే కొట్టించుకోండి.

ఇప్పుడు కత్తి

పది కత్తుల సెట్టు కొనకండి. అందులో ఏడు ఎప్పటికీ సొరుగు దాటవు. రెండు చాలు: 18 నుంచి 20 సెంటీమీటర్ల రేకు ఉన్న పెద్దది ఒకటి, 8 నుంచి 10 సెంటీమీటర్ల చిన్నది ఒకటి. పెద్దది చెక్క మీదికి, చిన్నది చెక్కు తీయడానికి, చిక్కుడుకాయ ఈనెలు తీయడానికి, వంకాయకి గాట్లు పెట్టడానికి. చేతులు చిన్నగా ఉన్నవాళ్ళకి 15 సెంటీమీటర్లదైనా సరిపోతుంది.

మన వంటిళ్ళలో ఎక్కువగా కనిపించేది రంగు ప్లాస్టిక్ పిడి, రంపం లాంటి పళ్ళు ఉన్న పలచటి కత్తి. చవక, కొత్తలో టమాటా బాగానే కోస్తుంది. కానీ ఆ పళ్ళు అరిగాక ఇంట్లో సాన పట్టడం కుదరదు, పారేసి కొత్తది కొనాల్సిందే. బ్రెడ్డుకి ఒకటి ఉంచుకోండి. పెద్ద కత్తి మాత్రం సాదా అంచుదే తీసుకోండి.

ఉక్కు గురించి కొంచెం తెలిస్తే మోసపోరు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 1913లో క్రోమియం కలిపిన ఉక్కు తయారు చేశాడు. తుప్పు పట్టని ఆ ఉక్కే వంటింటి కత్తులకి దారి చూపింది. మామూలు ఉక్కు కత్తి పదును బాగా పడుతుంది, కానీ చింతపండు, నిమ్మకాయ, పచ్చి మామిడికాయ తగిలితే నల్లబడుతుంది, తడిగా వదిలేస్తే తుప్పు. పులుపు లేని పూట ఉండని మన వంటింట్లో రోజూ వాడకానికి స్టెయిన్‌లెస్సే తేలిక. పనయ్యాక వెంటనే కడిగి, తుడిచి, వారానికోసారి చుక్క కొబ్బరినూనె రాసే ఓపిక ఉంటే కమ్మరి చేసిన కత్తి హాయిగా వాడుకోవచ్చు. ఉక్కు మనకి పరాయిదేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు.

కత్తి గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలతలో చెబుతారు. యూరప్ తరహా కత్తులు 54 నుంచి 58 మధ్య ఉంటాయి. జపాన్ తరహావి చాలావరకు 60 పైనే. గట్టిదైతే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ పెళుసు. ఎండు కొబ్బరి మీదో, ఎముక మీదో పడితే అంచు పెచ్చులూడుతుంది. నలుగురి చేతులు పడే ఇంట్లో 56 దగ్గర ఉన్న కత్తే మంచిదని నా అభిప్రాయం. అది తొందరగా మొద్దుబారినా పావుగంటలో మళ్ళీ పదునెక్కుతుంది.

కొట్లో చేతిలోకి తీసుకుని చూడండి. అంచుని కంటికెదురుగా పెట్టి పొడుగునా చూస్తే వంకర ఉంటే తెలుస్తుంది. పిడికీ రేకుకీ మధ్య సందు ఉండకూడదు, అందులోకి నీళ్ళు దిగి తుప్పు పడుతుంది. చెక్క మీద పెట్టి పట్టుకుంటే మీ వేలి కణుపులు చెక్కకి తగలకూడదు. డమాస్కస్ అని నీటి అలల గీతలున్న చవక కత్తులు చూసి మురిసిపోకండి. వాటిలో చాలావాటి మీద ఆ గీతలు ఉత్త అచ్చు.

సాన పట్టడం

మా అమ్మమ్మ నీళ్ళ తొట్టి గట్టుకేసి కత్తి నూరేది. అంచు గరుకెక్కి, రెండు రోజులు తెగేది, మూడో రోజు మామూలే. లోహం అరుగుతుంది గానీ ఒకే కోణంలో అరగదు, అదే అందులో లోపం.

హార్డ్‌వేర్ కొట్లో దొరికే బూడిద రంగు కార్బొరండం రాయితో మొదలు పెట్టండి. సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఒక వైపు గరుకు, ఇంకో వైపు నునుపు. కార్బొరండం అంటే సిలికాన్ కార్బైడ్. అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ 1893లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఉక్కు కన్నా చాలా గట్టిది కాబట్టి ఏ కత్తినైనా అరగదీస్తుంది. చెయ్యి కుదిరాక 1000 గ్రిట్ నీటి రాయి కొనుక్కుంటే ఇంటి కత్తులకి అంతకు మించి అక్కర్లేదు. గ్రిట్ నంబరు పెరిగే కొద్దీ రాయి నునుపు. 400 లోపువి పాడైన అంచుకి, 1000 మామూలు పదునుకి, 3000 పైన మెరుగుకి.

మొదటిసారి మీ ఇంట్లో అన్నిటికన్నా పనికిమాలిన కత్తి తీసుకోండి. పాడైనా బాధ ఉండదు.

1. రాయిని నీళ్ళలో నానబెట్టండి. బుడగలు రావడం ఆగేదాకా, పది నిమిషాలు. నానబెట్టకూడని రాళ్ళు కూడా ఉంటాయి, వాటి డబ్బా మీద రాసి ఉంటుంది. వాటికి పైన నీళ్ళు చల్లితే చాలు. తడి గుడ్డ మడిచి దాని మీద రాయి పెట్టండి.

2. కత్తి అంచు పొడుగునా రెండు వైపులా మార్కర్ పెన్నుతో రంగు పూయండి. ఎందుకో ఇప్పుడే చెప్తాను.

3. కోణం చూసుకోండి. యూరప్ తరహా కత్తికి ఒక్కో వైపు 20 డిగ్రీలు, జపాన్ తరహాకి 15. కాగితం మూలని సగానికి మడిస్తే 45, మళ్ళీ మడిస్తే ఇరవై రెండున్నర. దానికన్నా ఒక్క పిసరు తక్కువ పట్టుకోండి. లెక్కలో కావాలంటే, నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున్న కత్తికి వెన్ను రాయికి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 20 డిగ్రీలు. రెండు సెంటీమీటర్ల చిన్న కత్తికి 7 మిల్లీమీటర్లు.

4. గరుకు వైపు మొదలుపెట్టండి. కుడి చేత్తో పిడి, ఎడమ చేతి రెండు వేళ్ళు రేకు మీద అంచుకి దగ్గరగా. రాయి పొడుగునా ముందుకీ వెనక్కీ నడపండి. వెన్ను ముందు నడిచి అంచు వెనక వచ్చే దిశలో నొక్కండి, తిరుగు దిశలో ఊరికే జారనివ్వండి. వేళ్ళు తెల్లబడేంత నొక్కొద్దు. మొన, మధ్య, పిడి దగ్గర అని మూడు భాగాలుగా అనుకుని ఒక్కో చోట ఇరవై సార్లు.

5. ఆపి మార్కర్ రంగు చూడండి. అంచు చివరిదాకా పోయి ఉంటే కోణం సరిగ్గా ఉంది. పైన మాత్రమే పోయి అంచు దగ్గర మిగిలితే కత్తిని మరీ పడుకోబెట్టారు. అంచు కొసన మాత్రమే పోతే మరీ లేపారు. ఎన్ని వీడియోలు చూసినా రాని పట్టు ఈ రంగు నేర్పుతుంది.

6. ఇప్పుడు అసలు మెట్టు. ఒక వైపు తగినంత అరిగితే, రెండో వైపు అంచు మీద సన్నటి గరుకు పుడుతుంది. దీన్ని బర్ అంటారు. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపు అడ్డంగా జార్చి చూడండి, సన్నగా గీరుకున్నట్టు తగులుతుంది. అంచు వెంబడి మాత్రం ఎప్పుడూ వేలు నడపకండి. పొడుగునా ఆ గరుకు వచ్చేదాకా రెండో వైపు తిప్పొద్దు. సాన పట్టినా తెగట్లేదు అనేవాళ్ళలో నేను చూసినంతవరకు చాలామంది ఇక్కడే తొందరపడతారు. లెక్కబెట్టి చెరో ఇరవై సార్లు రుద్ది ఆపేస్తారు. మరీ మొద్దు కత్తికి వంద సార్లు కూడా పట్టొచ్చు.

7. తిప్పి రెండో వైపు అలాగే. బర్ ఇప్పుడు మొదటి వైపుకి వస్తుంది.

8. రాయి నునుపు వైపు తిప్పి రెండు పక్కలా మళ్ళీ. ఈసారి సగం ఒత్తిడి చాలు. రాయి మీద చేరే నల్లటి బురదని కడిగెయ్యకండి, అది కూడా పని చేస్తుంది. ఎండిపోతుంటే నీళ్ళు చల్లండి.

9. బర్ తీసెయ్యాలి. వైపు మార్చి వైపు, వైపుకి ఒక్కసారి చొప్పున, కత్తి బరువు మాత్రమే ఆనేంత తేలిగ్గా పదిసార్లు. తర్వాత పాత జీన్స్ గుడ్డని బల్ల మీద బిగించి పరిచి, వెన్ను ముందుగా పోయేలా పదేసి సార్లు లాగండి. అంచు ముందుకి తోస్తే గుడ్డ తెగుతుంది.

10. కడిగి తుడిచి పరీక్షించండి. వార్తాపత్రిక కాగితం అంచు మీద పెట్టి లాగితే చిరగకుండా తెగాలి. నాకైతే టమాటాయే నమ్మకం. నొక్కకుండా, కత్తి బరువుకే తొక్క తెగిందంటే పని అయినట్టే.

మొదటిసారి నలభై నిమిషాలు పట్టినా టెన్షన్ పడకండి, తర్వాత పావుగంట చాలు. రోజూ వండే ఇంట్లో నెలకో, రెండు నెలలకో ఒకసారి సరిపోతుంది. కొన్నాళ్ళకి రాయి మధ్యలో గుంట పడుతుంది. గాజు పలక మీద ఎమరీ పేపరు పరిచి, నీళ్ళు పోసి, రాయిని దాని మీద రుద్ది చదును చేసుకోవాలి.

కత్తుల సెట్టులో వచ్చే పొడుగాటి ఉక్కు కడ్డీ సానరాయికి బదులు కాదు. అది మడత పడ్డ అంచుని తిన్నగా నిలబెడుతుంది, అంతే. వంటకి ముందు చెరో నాలుగైదు సార్లు తేలిగ్గా రాస్తే సాన మరికొన్ని రోజులు నిలుస్తుంది. గట్టి జపాన్ కత్తులకి అది వాడకండి. సందులో పెట్టి లాగే చిన్న సాధనాలు అవసరానికి పనికొస్తాయి, కానీ లోహాన్ని ఎక్కువగా చీరేస్తాయి.

సైకిలు మీద చక్రం తిప్పుతూ వీధిలోకి వచ్చే సానవాళ్ళకి కత్తిపీట, కొడవలి, కొబ్బరికాయల కత్తి నిశ్చింతగా ఇవ్వొచ్చు. పలచటి మంచి కత్తి ఇవ్వాల్సి వస్తే మధ్యమధ్య నీళ్ళలో ముంచమని అడగండి. పొడి చక్రం మీద అంచు వేడెక్కి నీలం రంగు తిరిగిందంటే ఆ చోట ఉక్కు మెత్తబడిపోయినట్టే, మళ్ళీ పదును నిలవదు.

కడగడం, దాచడం, తెగితే

సింకులో గిన్నెల కింద కత్తి వదలొద్దు. తోమే మనిషి చెయ్యి పడేది అక్కడే. వాడిన వెంటనే సబ్బుతో కడిగి తుడిచెయ్యండి. డిష్‌వాషర్‌లో వెయ్యకండి, గిన్నెలకి తగిలి అంచూ, వేడికి పిడీ రెండూ పాడవుతాయి. సొరుగులో గరిటెలతో కలిపి పడేస్తే సాన పట్టిన శ్రమంతా వృథా. అట్టముక్క మడిచి టేపు వేస్తే చక్కటి ఒర తయారవుతుంది.

చేతిలోంచి కత్తి జారితే పట్టుకోబోకండి. వెనక్కి అడుగేసి పడనివ్వండి.

వేలు తెగితే పసుపు, కాఫీ పొడి అద్దకండి. నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచండి. అప్పటికీ రక్తం ఆగకపోయినా, వేలు మొద్దుబారినా, వంగకపోయినా ఆస్పత్రికి వెళ్ళాలి. టెటనస్ ఇంజెక్షన్ సంగతి డాక్టరునే అడగండి.

కత్తిపీట ఉన్నవాళ్ళకి

పారెయ్యకండి. గోంగూర, తోటకూర కట్టలు, చేపలు, కొబ్బరి కోరడం... వీటికి చెక్కా కత్తీ దాని ముందు తేలిపోతాయి. దానికి సాన పట్టే తీరు వేరు. రేకు కదలదు కాబట్టి రాయే కదలాలి. పీటని గోడకి ఆనించి కాలితో గట్టిగా అదిమి పట్టండి. చిన్న రాయి ముక్కని తడిపి, వేళ్ళు రాయి అంచు దాటకుండా పట్టుకుని, కత్తి వంపు వెంబడి మొదలు నుంచి కొసకి నడపండి. ఒక వైపు గరుకు తగిలేదాకా, తర్వాత రెండో వైపు. లేచేటప్పుడు, ఒక్క నిమిషం ఫోను కోసమైనా సరే, మడిచి పడుకోబెట్టే లేవాలి.

అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళే పిల్లల సామాన్లలో కత్తిపీట పెట్టాలంటే కొసనా అంచునా అట్ట చుట్టి, పైన గుడ్డ కట్టి, విమానంలో చెక్-ఇన్ చేసే పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. మా అమ్మకి ఈ సంగతి చెబితే, "అయితే ఆ సానరాయి కూడా అందులోనే పెట్టు, అక్కడ దానికి నీళ్ళ తొట్టి గట్టు ఎక్కడ దొరుకుతుంది" అంది.